బెంగళూరు చెట్ల నీడన ఏ గడ్డలు పూస్తాయి?

సంపాదకులకు నమస్కారం.

వసంతకాలంలో పూసే గడ్డల మొక్కల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రచన చక్కగా సాగింది గాని, ట్యులిప్, బ్లూబెల్, స్నోడ్రాప్ గడ్డలను డిసెంబరులో తెప్పించి చెట్ల నీడన నాటుకుంటే మార్చికల్లా పూస్తాయన్న సలహా బెంగళూరుకు చెల్లదని, ఇక్కడ పాతికేళ్లుగా పెరటి మొక్కలు పెంచుతున్న దాన్నిగా చెప్పక తప్పడం లేదు.

ఇటువంటి మాటే నమ్మి రెండేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో ఒక డజను ట్యులిప్ గడ్డలు తెప్పించాను. జనవరిలో ఆకులైతే వచ్చాయి. మొగ్గ మాత్రం కాడ సాగక ఆకుల మొదట్లోనే ఇరుక్కుపోయి, గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. నాటకుండా మిగిలిన ఒక గడ్డను నిలువునా కోసి చూస్తే, ఉల్లిపాయ పొరల్లాంటి పొరల నడుమ వడ్లగింజంత పువ్వు, కేసరాలతో సహా, అప్పటికే తయారై ఉంది. అంటే గడ్డలో లోపమేమీ లేదు. లోపలున్న ఆ పువ్వును పైకి మోసే కాడ పొడవు సాగాలంటే గడ్డకు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీలకు మించని చలి తగలాలి. బెంగళూరులో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో ఒక్కరోజు. మామూలు జనవరి రాత్రులు 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. శ్రీనగర్‌లో జబర్వన్ కొండల కింద ట్యులిప్ తోట వేయగలిగారంటే అక్కడి చలికాలం ఆ పని చేసిపెడుతుంది కాబట్టే. అంతగా ముచ్చటపడేవారు గడ్డలను మూడు నెలలకు పైగా ఫ్రిజ్‌లో ఉంచి నాటుకోవచ్చు. అయితే పక్కన యాపిల్, అరటి వంటి పండ్లు ఉండకూడదు. అవి విడిచే ఎథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ మాడిపోతుంది. ఇంత చేసినా పూత ఒక్కసారికే.

చెట్ల నీడన అన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. ఇంగ్లండు అడవుల్లో ఓక్, బీచ్ చెట్లు చలికాలమంతా మోడువారి ఉంటాయి. నేల మీద ఎండ పడే ఆ వ్యవధిలోనే స్నోడ్రాప్ జనవరి, ఫిబ్రవరిలోనూ, బ్లూబెల్ ఏప్రిల్, మే నెలల్లోనూ పూసి, పైన ఆకు కమ్ముకునేసరికి తమ పని ముగించుకుంటాయి. మన కానుగ కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుస్తుంది, కింద వెలుతురు పడుతుంది, కానీ అప్పటికి నేలలో తడి ఉండదు. అందుకే ఇక్కడి వాతావరణానికి ఇమిడిన గడ్డలు చలిని బట్టి కాక నీటిని బట్టి నడుస్తాయి. రాయలసీమ గుట్టల్లో తిరిగినవారికి నక్కవుల్లిగడ్డ తెలిసే ఉంటుంది. వేసవిలో ఒక్క ఆకైనా లేకుండా బారెడు కాడ లేచి, వెలిసిన రంగు చిన్న పూలు తలలు వాల్చి పూస్తాయి. ఆకులు వానల తర్వాతే. వృక్షశాస్త్రం లెక్కన బ్లూబెల్‌కు ఇది దగ్గరి చుట్టమే, ఇద్దరిదీ ఒకే ఉపకుటుంబం. మీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యమైనా దక్కకపోవడం నాకు చిన్నతనంగా తోచింది.

బెంగళూరు పెరళ్లకు నేను ముందుగా చెప్పేది మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చిన స్కాడాక్సస్ మల్టిఫ్లోరస్, నర్సరీల్లో ఫుట్‌బాల్ లిల్లీ అనో మే ఫ్లవర్ అనో అమ్మేది. ఎర్రమట్టిలో ఇసుక, మాగిన ఆకుల ఎరువు కలిపి, గడ్డ మెడ మట్టికి సమంగా ఉండేలా చెట్టు పక్కన నాటాలి. ఆకులు పండిపోయిన నాటి నుంచి మార్చి దాకా చుక్క నీరు పోయకూడదు. చచ్చిపోయిందనుకుని జాలిపడి నీళ్లు పోసేవారి చేతుల్లోనే ఇది ఎక్కువగా కుళ్లిపోతుంది, మా అత్తగారు అలా రెండు కుండీలు ఖాళీ చేశారు. ఏప్రిల్‌లో తొలి జల్లు పడ్డాక మట్టిని చీల్చుకుని లేచే కాడ అడుగున ఊదా మచ్చలుంటాయి. పూలు లేనప్పుడు దీన్ని గుర్తుపట్టడానికి ఆ మచ్చలే ఆధారం. పూత అయిపోయాక ఆకులు కోయకండి, వచ్చే ఏటి పువ్వుకు తిండి అవే కూడబెట్టాలి.

గుర్తింపు విషయంలో మీ వ్యాసంలో రెండు పొరపాట్లున్నాయి. అమరిల్లిస్ అని వేసిన ఎర్రపువ్వు దక్షిణ అమెరికాకు చెందిన హిప్పియాస్ట్రం. కాడ కోసి చూస్తే హిప్పియాస్ట్రంకు లోపల డొల్లగా ఉంటుంది, దక్షిణాఫ్రికా అమరిల్లిస్‌కు గట్టిగా ఉంటుంది. ఈ పేర్ల తగవు 1987లో బెర్లిన్ వృక్షశాస్త్ర మహాసభతో తీరిపోయినా నర్సరీ చీటీలు ఇంకా మారలేదు. ఇక ఇంగ్లండు బ్లూబెల్ అంటూ వేసిన ఫోటోలో కాడ నిటారుగా ఉండి, పూలు చుట్టూ అన్నివైపులా ఉన్నాయి. అది స్పానిష్ రకం. ఇంగ్లండు దానికి కాడ కొస ఒక పక్కకు వంగి, పూలన్నీ ఆ వైపే వేలాడతాయి, పుప్పొడి మీగడ రంగులో ఉంటుంది. మన పూల అంగళ్లలో లిల్లీ అని మూరల లెక్కన కొనేది, కన్నడిగులు సుగంధరాజ అనేది కూడా నిజానికి లిల్లీ కాదు, మెక్సికో నుంచి వచ్చిన వేరే జాతి మొక్క. ఆ పేరు జనం నోట స్థిరపడిపోయింది కాబట్టి దాని జోలికి నేను పోను.

ఈ గడ్డల్లో చాలావాటికి, నక్కవుల్లిగడ్డతో సహా, విషగుణం ఉందన్న హెచ్చరిక వ్యాసంలో లేదు. తెచ్చిన రోజున వంటింటి గట్టు మీద పెడితే ఉల్లిపాయకూ వాటికీ తేడా తెలియదు. తరువాతి సంచికలో ఈ మాటతో పాటు ఆ రెండు ఫోటోలకు సవరణ వేయవలసిందిగా, ఇకపై తోట వ్యాసాల్లో ప్రతి మొక్కకు వాడుక పేరు పక్కన శాస్త్రీయ నామాన్ని కూడా తెలుగు లిపిలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జయనగర్, బెంగళూరు