మంత్రిగారూ, యార్డు సెలవుల్లో మా హమాలీలకు హెర్నియా ఆపరేషన్లు చేయించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పనిచేస్తున్నాను. ఇక్కడి హమాలీల్లో హెర్నియాతోనే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

టిక్కీ బరువు 40 కిలోల పైమాటే. కాటాలు ముగిశాక ఒకాయన బస్తాల చాటుకు వెళ్లి, గజ్జల్లో పొంగిన గడ్డను అరచేత్తో మెల్లగా లోపలికి నెట్టుకుంటాడు. అది లోపలికి పోగానే నడుముకు తుండు బిగించి మళ్లీ పనిలోకి దిగుతాడు. అడిగితే, "పేగు జారిందయ్యా, సీజన్ అయ్యాక చూపించుకుంటా" అంటాడు. ఇంకొందరు దాన్ని బుడ్డ అనుకుని, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పరు.

పొట్ట గోడలో బలహీనంగా ఉన్న చోటు నుంచి పేగో, కొవ్వో బయటికి తోసుకురావడమే హెర్నియా. పుట్టుకతో ఉన్న బలహీనతకు బరువులు, ముక్కడం, ఏళ్ల తరబడి దగ్గు తోడైతే అది పెరుగుతుంది. మిర్చి ఘాటుకు యార్డులో దగ్గని మనిషి లేడు, పైగా బీడీలు. మందులతో ఇది తగ్గదు. మెడికల్ షాపులో కొనే బెల్టు గడ్డను నొక్కి ఉంచుతుందే కానీ రంధ్రాన్ని పూడ్చదు.

మా కొట్టుకు పనిచేసిన ఒక పెద్దాయన రెండేళ్లపాటు ఆ బెల్టుతోనే నెట్టుకొచ్చాడు. ఒక రాత్రి గడ్డ రాయిలా గట్టిపడింది, ఎంత నొక్కినా లోపలికి పోలేదు, వాంతులు మొదలయ్యాయి. ఇరుక్కున్న పేగుకు రక్తం అందక కొంత భాగం కుళ్లిపోయింది. అది కోసి తీసేశారు. ప్రాణం దక్కింది. బరువు పని మాత్రం అక్కడితో ఆగిపోయింది.

ముందే చేయించుకుంటే ఇది పెద్ద ఆపరేషన్ కాదు. లాప్రోస్కోపీలో మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి, కండరం వెనక మెష్ అనే సన్నని వల పరుస్తారు. నొప్పి తక్కువ, త్వరగా తిరుగుతారు. రెండు వైపులా హెర్నియా ఉంటే ఆ రంధ్రాల నుంచే రెండూ సరిచేయొచ్చు. అయితే దీనికి మత్తు డాక్టరు, ఈ పనిలో చేయి తిరిగిన సర్జన్ కావాలి. ఆ సౌకర్యం లేని చోట కోసి మెష్ వేసినా మంచి ఫలితమే వస్తుంది, దాన్ని స్థానిక మత్తుతోనూ చేయొచ్చు. కాబట్టి అందరికీ లాప్రోస్కోపీయే కావాలని నేను అడగడం లేదు. రెండు వైపులా ఉన్నవాళ్లకు, ఒకసారి కోసి చేశాక తిరగబెట్టినవాళ్లకు మాత్రం అది ప్రభుత్వాసుపత్రిలోనే దొరకాలి. మా కూలీలతో పాటు యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లనూ చూడాలి. ఆడవాళ్లకు తొడ మొదట్లో వచ్చే హెర్నియా త్వరగా బిగుసుకుంటుంది. సిజేరియన్ కుట్ల దగ్గర పొంగినా వాళ్లు పట్టించుకోరు.

ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే కదా అంటారు. నిజమే, వాళ్లను ఆపుతున్నది పోయే కూలి. ఏటా మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. ఆపరేషన్లకు అంతకంటే అనువైన సమయం లేదు. కానీ ఆ రోజుల్లోనూ చాలామంది కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మోయడానికి పోతారు. బరువులెత్తడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమని డాక్టర్లు చెప్తే, ఆ వారాలు ఇల్లెలా గడవాలి? 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం మొదలైనప్పుడు కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు ఇస్తామన్నారు. మీరు ఏ పేరుతో ఇచ్చినా సరే, అలాంటి భృతి ఆపరేషన్ రోజునే చేతికందేలా చూడండి.

లైసెన్సు ఉన్న హమాలీల పేర్లు మార్కెట్ కమిటీ దగ్గరున్నాయి. ఏప్రిల్‌లో ఒక సర్జన్‌ను యార్డుకు పంపించి, పరీక్ష చేయించి, సెలవులు మొదలయ్యేలోపే ఎవరికి ఏ తేదీన ఆపరేషనో కాగితం మీద రాయించి ఇవ్వండి.

ఇట్లు,
ఒక కమీషన్ కొట్టు గుమస్తా,
గుంటూరు