రేడియో లేని రేసులో లెక్క తప్పకుండా

సభ్యులందరికీ నమస్కారం. మహిళల రోడ్ రేసులో తొలిసారి పోటీకి దిగుతున్న మన వారు, టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులై 25న జరిగిన 137 కిలోమీటర్ల రేసును శ్రద్ధగా చూడాలని నా మనవి. గణితంలో డాక్టరేట్ పొందిన ఆస్ట్రియా క్రీడాకారిణి అన్నా కీసెన్‌హోఫర్, అప్పటికి ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేకపోయినా, రేసు మొదలైన క్షణమే దాడి చేసి మరికొందరితో ముందుకు సాగి, చివరి నలభై కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి స్వర్ణం గెలిచారు. ఆమె తర్వాత 75 సెకన్లకు గీత దాటిన నెదర్లాండ్స్ క్రీడాకారిణి అన్నెమీక్ వాన్ వ్లూటెన్, ముందు ఇంకా ఒకరున్నారని తెలియక, తానే గెలిచానని చేతులెత్తారు.

ఒలింపిక్ రోడ్ రేసులో జట్టు కారు నుంచి కబురు వినిపించే చెవి రేడియోలు ఉండవు. ముందు ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో మోటార్‌సైకిల్‌పై చూపే పలకను బట్టి గానీ, జట్టు కారు దగ్గరికి వెళ్లి అడిగి గానీ తెలుసుకోవాలి. పైగా ఒక దేశానికి గరిష్ఠంగా నలుగురే ఉంటారు కనుక, గుంపు ముందు గాలిని ఎదుర్కొంటూ తరిమే భారాన్ని ఎవరూ ఇష్టంగా నెత్తిన వేసుకోరు. నలుగురూ మేటివారే ఉన్న డచ్ జట్టు ఆలస్యంగా కదలడం నాకు నేటికీ వింతే.

మన స్థానిక రేసుల్లోనూ రేడియోలు ఉండవు. కాబట్టి ముందుకు వెళ్లిన వారి నంబర్లను హ్యాండిల్‌బార్‌కు అంటించిన టేపుపై రాయడం కుదరదు గనుక, పైకి చదివి పక్కవారికి వినిపించండి. ఎవరైనా తిరిగి గుంపులో కలిస్తే ఆ సంగతి కూడా వెంటనే చెప్పండి.