నల్ల ఇసుకను పారబోయకండి: గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి వైపు ఉన్న ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మా ఊరి నీటి, పారిశుద్ధ్య సంఘంలో సభ్యుడిని. మా ఊరి మంచినీటి ఫిల్టర్‌కు కిందటేడాది ఏమైందో తమ దృష్టికి తెచ్చి, మరో ఊరికి ఆ గతి పట్టకుండా ఒక ఉత్తర్వు ఇప్పించమని కోరడానికే ఈ లేఖ.

మాది మాంగనీసు నేల. 1890ల నుంచి ఇక్కడ ఆ ఖనిజాన్ని తవ్వుతూనే ఉన్నారు. మా దగ్గరి కోడూరు పేరు మీద కోడూరైట్ అని ఒక శిలకు భూగర్భ శాస్త్రవేత్తలు పేరే పెట్టారు. అలాంటి నేలలోంచి తోడిన బోరు నీళ్లలో ఇనుముతో పాటు మాంగనీసు కూడా కరిగి రావడంలో వింత లేదు. బోరు దగ్గర పట్టినప్పుడు ఆ నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. గాలి సోకి, బ్లీచింగ్ తగిలి, పైపుల్లో నిలిచాక, పొద్దున నింపిన బిందె అడుగున సాయంత్రానికి మసి లాంటి నల్లటి మడ్డి చేరుతుంది. ఆ నీళ్లలో ఉతికిన తెల్ల చొక్కాల మీద పడిన మరక ఏ సబ్బుకూ వదలదు.

ఇందుకోసమే మాకు ఫిల్టర్ కట్టారు. నీళ్లు మెట్ల మీదుగా జారుతూ గాలి పీల్చుకుని, ఇసుక తొట్టెలోంచి కిందికి దిగి, అక్కడి నుంచి ట్యాంకుకు ఎక్కుతాయి. మొదటి రెండు మూడు నెలలు ఫలితం కనిపించక ఊరంతా విసుక్కుంది. తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే మడ్డి ఆగిపోయింది, ఏళ్ల తరబడి మళ్లీ కనిపించలేదు. అదెలా బాగుపడిందో అప్పుడు ఎవరమూ ఆరా తీయలేదు. ఆ తప్పు నాది కూడా.

కిందటేడాది వేసవికి ముందు నిర్వహణ పనులకు వచ్చినవారు తొట్టె తెరిచి, ఇసుక నల్లబడి ఉండటం చూసి, పాచి పట్టి పాడైపోయిందని తేల్చారు. ఉన్న ఇసుకనంతా తోడి గోడ పక్కన కుప్ప పోశారు. కొత్త ఇసుక నింపి, సూక్ష్మజీవులు లేకుండా ఉండాలని బ్లీచింగ్ నీళ్లతో కడిగి, అది చాలదన్నట్టు ఇకపై ఫిల్టర్‌కు ముందే, బోరు దగ్గరే క్లోరిన్ కలిసేలా ఏర్పాటు చేసి వెళ్లారు. వారు చెడు ఉద్దేశంతో చేశారని నేననను, శుభ్రం చేశామనే అనుకున్నారు. వారం తిరక్కముందే కుళాయిల్లో నల్ల మడ్డి మొదలైంది, నెలల తరబడి తగ్గలేదు. కొనగలిగినవారు టిన్నుల నీళ్లకు ఎగబడ్డారు, కొనలేనివారు ఆ నీళ్లనే గుడ్డతో వడగట్టుకుని తాగారు.

గోడ పక్కన పోసిన ఆ కుప్పలోంచి గుప్పెడు ఇసుక ఇంటికి తెచ్చుకుని చూశాను. ప్రతి రేణువు చుట్టూ కాటుక పూసినట్టు నల్లటి పూత ఉంది. గోటితో గీకితే పూత రాలి లోపలి తెల్ల ఇసుక బయటపడింది. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు వేస్తే బుసబుసా నురగ పొంగింది. పాచి వల్ల కూడా అలా పొంగవచ్చు కనుక, మరో పిడికెడు ఇసుకను ఇనుప పెనం మీద బాగా వేయించి, చల్లార్చి మళ్లీ వేశాను. అప్పుడూ అలాగే పొంగింది. కొత్త ఇసుక మీద ఒక్క బుడగ కూడా రాలేదు. పదో తరగతి ప్రయోగశాలలో ఏటా నేను చేసి చూపించిన మాంగనీసు డయాక్సైడ్ గుణమే ఇది. అంటే నీళ్లలో ఉండకూడని మాంగనీసును ఆ ఇసుక ఏళ్ల తరబడి పట్టి తన ఒంటికి పూసుకుంది. మనం చెత్త అని పారబోసింది ఆ ఇసుకనే.

మంత్రివర్యా, ఇనుమూ మాంగనీసూ ఒకే దారిలో పోవు. మామూలు నీళ్లలో ఇనుము గాలి తగిలిన కాసేపటికే తుప్పుగా విడిపోతుంది. మాంగనీసు అలా కాదు, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటితే తప్ప ఒట్టి గాలికి అది రోజుల తరబడి కదలదు. ఆ పనిని నిమిషాల్లో చేసిపెట్టేవి ఇసుక మీద స్థిరపడే బ్యాక్టీరియా: లెప్టోథ్రిక్స్, హైఫోమైక్రోబియం, సూడోమొనాస్ జాతుల్లో కొన్ని. ఇవి కరిగి ఉన్న మాంగనీసును ఆక్సైడుగా మార్చి రేణువుకు అంటిస్తాయి. ఆ తర్వాత ఆ పూత కూడా కొత్తగా వచ్చే మాంగనీసును పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇలా ఇసుక పండటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మా ఫిల్టర్ మొదటి రెండు మూడు నెలలు పని చేయకపోవడానికి కారణం అదే. డెన్మార్క్‌లో భూగర్భ జలాన్ని గాలికి పట్టించి, ఇలాంటి ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, చాలాచోట్ల క్లోరిన్ కూడా కలపకుండా ఇళ్లకు ఇస్తున్నారు. అమెరికాలో కాల్‌టెక్ అనే శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు మాంగనీసు కార్బొనేటు పూసిన గాజు సీసాను కుళాయి నీళ్లలో నానబెట్టి, కొన్ని నెలలు వేరే పని మీద వెళ్లి తిరిగి వచ్చేసరికి సీసా నల్లబడి ఉందట. మాంగనీసునే శక్తిగా వాడుకుని బతికే బ్యాక్టీరియాను ఆ సీసా ద్వారానే గుర్తించి 2020లో ప్రకటించారు. అలాంటివి ఉండి ఉంటాయని శాస్త్రవేత్తలు అంతకు వందేళ్ల ముందు నుంచే ఊహిస్తూ వచ్చారు.

బ్యాక్టీరియా అన్న మాట వింటేనే ఊళ్లో భయం. నీళ్లలో మలినం ఉందో లేదో చూడటానికి మాకిచ్చే హెచ్‌టూఎస్ సీసా నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదని మేమే ఇంటింటికీ తిరిగి చెప్పాం. సీసాలో నలుపు ప్రమాదమైతే తొట్టెలో నలుపు కూడా ప్రమాదమేనని జనం అనుకోవడం సహజం. రెండూ వేరని చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మా మీద ఉంది.

క్లోరిన్ వద్దని నేను అనడం లేదు. మన పల్లెల్లో అది తప్పనిసరి, కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నిబంధనను నేను పూర్తిగా సమర్థిస్తాను. కాకపోతే దాని చోటు ఫిల్టర్ తర్వాత. పూత పట్టిన ఇసుక మీద ముందుగానే క్లోరిన్ ఇస్తూ నడిపే పద్ధతి కూడా ఉన్న మాట నిజమే. కానీ దానికి మోతాదును రోజూ కొలిచే మనిషి కావాలి. పూతే లేని కొత్త ఇసుక మీద, చేతికొచ్చినంత బ్లీచింగ్ పోస్తూ నడిపితే జీవులూ ఉండవు, పూతా ఏర్పడదు.

మాంగనీసు బట్టల మరకతో పోయే విషయం కాదు. ఒంటికి కొద్దిగా అవసరమైన లోహమే అయినా, ఎక్కువైతే పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటన్న ఆందోళనతో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముఖ్యంగా పాలపొడి నీళ్లలో కలుపుకుని తాగే శిశువులను దృష్టిలో పెట్టుకుని, లీటరుకు 0.08 మిల్లీగ్రాములను తాత్కాలిక హద్దుగా పెట్టింది. మన దేశపు తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500, 0.1 అంటూనే, వేరే నీటి వనరు లేకపోతే 0.3 వరకు సడలింపు ఇస్తోంది. నీళ్లు మరగబెడితే మాంగనీసు పోదన్న సంగతి మా ఊళ్లో చాలామంది తల్లులకు తెలియదు. ఊరి నీటి పరీక్ష పెట్టెలో ఫ్లోరైడుకు, ఇనుముకు, నైట్రేటుకు మందులున్నాయి గాని మాంగనీసుకు లేదు.

అందుచేత తమరిని కోరేది ఇది. ఇనుము, మాంగనీసు తొలగించే ప్రతి ఇసుక ఫిల్టర్‌లోనూ క్లోరిన్‌ను ఫిల్టర్ తర్వాతే కలపాలని, బ్యాక్‌వాష్‌కు, అంటే కింది నుంచి పైకి నీళ్లు ఎక్కించి ఇసుకను కడగడానికి, క్లోరిన్ లేని నీళ్లే వాడాలని, ఇసుక నల్లబడటాన్ని మార్పిడికి కారణంగా చూపకూడదని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. నిజంగా మార్చవలసి వస్తే, పాత ఇసుకలో కొంత భాగాన్ని తడి ఆరకుండా ఉంచి కొత్తదానిలో కలపమనండి, పాలకు తోడు వేసినట్టు అది కొత్త ఇసుకను త్వరగా పండిస్తుంది. కరెంటు పోయి మోటారు రోజుల తరబడి ఆగితే తొట్టెలో ప్రాణవాయువు అయిపోయి, పట్టుకున్న మాంగనీసు మళ్లీ నీళ్లలోకి దిగవచ్చు కనుక, అలాంటప్పుడు మొదటి నీళ్లను బయటికి వదిలేయాలని పంపు ఆపరేటర్లకు నేర్పించండి. కొత్త ఫిల్టర్ అప్పగించేటప్పుడు మొదటి రోజు నమూనా చూసి బిల్లు చెల్లించకుండా, ఇసుక పండాక వరుసగా కొన్ని వారాలు మాంగనీసు పరీక్ష నిలిచాకే చెల్లించేలా ఒప్పందం మార్పించండి. మాంగనీసు పరీక్షను కనీసం ఈ గనుల ప్రాంతపు మండలాల్లో తప్పనిసరి చేయించండి. వీటిలో చాలావాటికి కొత్తగా డబ్బు అక్కర్లేదు.

మా తొట్టెలో ఇసుక ఇప్పుడిప్పుడే మళ్లీ నల్లబడుతోంది. ఫిల్టర్‌కు ముందు కలిపే క్లోరిన్‌ను మా సంఘం తీర్మానం చేసి ఆపించి, ట్యాంకు దగ్గరికి మార్పించింది. పారబోసిన పాత ఇసుకలో వానకు కొట్టుకుపోగా మిగిలినది నాలుగు తట్టలే, అప్పటికే ఎండిపోయింది కూడా. పూత అయినా పనికొస్తుందని దాన్నీ తొట్టెలో కలిపాం. వచ్చే వేసవి నిర్వహణ పనులు ఫిబ్రవరిలో మొదలవుతాయని చెబుతున్నారు. తమ ఉత్తర్వు అంతకు ముందే మా మండలానికి చేరాలని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు,
గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘ సభ్యుడు, విజయనగరం జిల్లా