మీ నాన్నగారికి మనిషిని పెట్టే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

ఇక్కడ మేమంతా క్షేమం. నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. తీరికగా రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. పక్షవాతం తర్వాత మీ నాన్నగారిని నెల్లూరు నుంచి చెన్నైకి తెచ్చుకున్నావనీ, ఆయనను చూసుకోవడానికి ఏదో ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకోబోతున్నావనీ రాశావు. మంచి ఏజెన్సీ ఏదో ఎలా తెలుస్తుందన్న నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పే తెలివి నాకింకా రాలేదు. అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన తర్వాత ఈ పద్నాలుగు నెలల్లో మేము మూడు ఏజెన్సీలు మారాము, తొమ్మిది మందిని చూశాము. చూసింది చూసినట్టు రాస్తాను.

మొదటి ఏజెన్సీ వారు వచ్చిన రోజున నాకు ఎంతో నమ్మకం కలిగింది. పోలీసు వెరిఫికేషన్ కాగితాలు, శిక్షణ సర్టిఫికెట్లు, లేత నీలం యూనిఫారం, రెండు గంటలకొకసారి టిక్కు పెట్టవలసిన రిజిస్టరు, ఒకటేమిటి, అన్నీ ఉన్నాయి. వైద్యం నాణ్యతను ఎలా అంచనా వేయాలన్న విషయంపై 1966లో రాసిన వ్యాసంలో అవేడిస్ డోనబీడియన్ అనే వైద్యుడు మూడింటిని విడదీసి చూడమన్నాడు: ఏమేమి సమకూర్చుకున్నారు, వాటితో ఏం చేస్తున్నారు, చేసినందువల్ల రోగికి ఏమైంది. ఏజెన్సీ వారు ఫైలు విప్పి మనకు చూపించేదంతా మొదటిదే. రెండోది మనం ఆఫీసులో ఉన్నప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో జరుగుతుంది. మూడోది నెలలు గడిస్తే గాని బయటపడదు.

మూడో వారంలో అమ్మకు జ్వరం వచ్చి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచాము. అక్కడి నర్సు అమ్మను పక్కకు తిప్పి, వెన్నుపూస చివర చర్మం ఎర్రబడి ఉండడమూ, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు కాస్తయినా తెల్లబడకపోవడమూ నాకు చూపించి, కదలకుండా ఒకే పక్కన పడుకుని ఉంటే పడే పుండుకు, అంటే పడకపుండుకు, ఇది మొదటి మెట్టు అని చెప్పింది. అలాంటి పుండు పడే ప్రమాదం ఎంతుందో తేల్చడానికి ఆమె వేసిన లెక్కను బ్రేడన్ కొలమానం అంటారు. అది 6 నుంచి 23 వరకు ఉంటుంది, 18 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే పుండు పడే ప్రమాదం ఉన్నట్టు. అమ్మకు 14 వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చాక రిజిస్టరు తిరగేస్తే, అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ రెండు రాత్రులు కూడా ‘పక్క మార్చాను’, అంటే అమ్మను మరో పక్కకు తిప్పాను, అన్న గడిలో రెండు గంటలకొక టిక్కు, అదే పెన్నుతో, అదే వాలుగా పెట్టి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏజెన్సీ పంపిన ఆ పిల్లను నిలదీస్తే కళ్ల నీళ్లు పెట్టుకుంది. రాత్రంతా మా ఇంట్లో ఉండి, తెల్లవారగానే మరో ఇంట్లో పగటి డ్యూటీకి వెళ్తోందట. మేము నెలకు కట్టే 28,000 రూపాయల్లో ఆమె చేతికి వచ్చేది 15,000. రెండు చోట్లా పని చేసే మనిషి రాత్రి రెండింటికి లేచి మరొకరి పక్క ఎలా మారుస్తుంది? కాబట్టి నువ్వు ఏ ఏజెన్సీ వారిని పిలిచినా సర్టిఫికెట్ల కంటే ముందు ఆ మనిషికి ఎంత ఇస్తారో, వారానికి ఒక రోజు సెలవు ఉందో లేదో, ఆ రోజున వచ్చేది ఎవరో అడుగు. జవాబు నసిగితే ఫైలు మూసేయమని చెప్పు.

ఇంతకంటే నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి మరొకటి ఉంది. రెండో ఏజెన్సీ నుంచి వచ్చినామె నిజంగా మంచిది, ఓపికమంతురాలు. అమ్మను చంటిపిల్లలా చూసుకునేది. అన్నం కలిపి నోట్లో పెట్టేది, చీర తానే కట్టేది, కమోడ్ కుర్చీ మంచం పక్కకే తెచ్చేది. చుట్టాలు వచ్చి చూసి, ‘ఎంత అదృష్టవంతురాలమ్మా మీ అమ్మ’ అని వెళ్లేవారు, నేనూ మురిసిపోయేవాణ్ణి. మూడు నెలలకు ఫిజియోథెరపిస్టు వచ్చి, ‘అప్పట్లో వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిచేవారు కదా, ఇప్పుడు లేచి నిలబడడానికే ఎందుకు భయపడుతున్నారు?’ అని అడిగితే మా దగ్గర సమాధానం లేకపోయింది. తప్పు ఆమెది అనలేను. పది నిమిషాలు ఓపిక పట్టి అమ్మ తన చేత్తో తానే తినేలా చూడడం కంటే రెండు నిమిషాల్లో తాను తినిపించడం సులువు, పైగా అలా చేస్తేనే మనమూ మెచ్చుకుంటాము. ఆ తర్వాత నేను ఒక నోటుబుక్కు పెట్టాను. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రకటించిన ఒక పద్ధతిలో ఆరే ఆరు పనులు ఉంటాయి: స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. నెల మొదటి ఆదివారం ఈ ఆరింటిలో అమ్మ తనంతట తాను ఏవేవి చేసుకోగలిగిందో రాస్తాను. ఎనభై ఒకటేళ్ల మనిషికి, ఎంత బాగా చూసుకున్నా ఒకటి రెండు తగ్గవచ్చు. తగ్గిన ప్రతిసారీ ఏజెన్సీని నిందించడం న్యాయం కాదు. కానీ ఎందుకు తగ్గిందని అడిగితే, ఆ వచ్చిన మనిషి తడుముకోకుండా చెప్పగలగాలి.

భాష గురించి నువ్వు తేలికగా తీసుకున్నట్టున్నావు. ‘అరవంలో నాలుగు ముక్కలు నాన్నకు వచ్చులే’ అన్నావు. నాలుగు ముక్కలతో అన్నం, నీళ్లు అడగవచ్చు, నొప్పి చెప్పుకోలేరు. అమ్మ ఒక రాత్రి కాలు సలుపుతోందంటుంది, మరో రోజు తిమ్మిరెక్కిందంటుంది, ఇంకో రోజు పోటు పెడుతోందంటుంది. ఈ మూడూ మూడు వేరు వేరు సంగతులు. మొదట వచ్చిన అమ్మాయికి హిందీ తప్ప రాదు. ఆమె ప్రతి పూటా ‘నొప్పి లేదు’ అని రాసుకుపోయింది. ఇప్పుడున్నామె ముళబాగిలు వైపు నుంచి వచ్చింది, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అమ్మ ‘సలుపు’ అనగానే ఆమె పిక్క పట్టి చూసి, ఒక పక్కే వాచిందని గమనించి నాకు ఫోను చేసింది. రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే డాక్టరుకు చూపించాము. అదృష్టవశాత్తు అది కాదని తేలింది. అయినా నాకు ఆమె మీద గురి కుదిరింది ఆ రోజే.

ఇక అభిప్రాయ సేకరణ అనే తంతు. ఏజెన్సీ వారు నెలనెలా ఫోను చేసి సేవకు ఐదుకు ఎన్ని మార్కులని నన్ను అడుగుతారు. మంచం మీద ఉన్నది నేను కాదు కదా. అమ్మను అడిగితే ‘బాగానే చూసుకుంటోంది నాయనా’ అంటుంది. ఆ మాటలో మర్యాద ఎంతో, ఫిర్యాదు చేస్తే రేపు తనను కసురుతుందేమోనన్న బెదురు ఎంతో మనకు తెలియదు. అందుకని బాగుందా అని అడగడం మానేశాను. స్నానం నీకు కావాలన్నప్పుడా, ఆమెకు వీలైనప్పుడా? స్నానం చేయించేటప్పుడు తలుపు మూసిందా? పిలిచిన ఎంతసేపటికి వచ్చింది? ఇలా అడిగితే అమ్మ నోరు విప్పుతుంది. గదిలో కెమెరా పెట్టమని తమ్ముడు పోరుతున్నాడు గాని, అమ్మకు బట్టలు మార్చే చోట కెమెరా పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. హాల్లో మాత్రం ఒకటి ఉంది, అదీ వచ్చిన మనిషికి చెప్పే పెట్టాను.

చట్టం సంగతి అడిగావు. ఇంగ్లండులో ఇంటికి వచ్చి సేవ చేసే సంస్థలను ఒక ప్రభుత్వ కమిషన్ తనిఖీ చేసి, ఇచ్చిన గ్రేడును అందరికీ తెలిసేలా ప్రకటిస్తుంది. మనకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. ఇలాంటి సంస్థలకూ నమోదు ఉండాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు గాని అది చట్టం కాకుండానే పోయింది. 14567 నంబరు రాసిపెట్టుకో, వయోవృద్ధుల కోసం ఏర్పాటు చేసిన హెల్ప్‌లైన్ అది.

మా నోటుబుక్కులో ఒక పేజీ నకలు ఈ కవరులోనే పెడుతున్నాను. మనిషి వచ్చాక మొదలుపెడదామని ఊరుకోకు. ఆమె రాకముందు రోజే కూర్చుని, మీ నాన్నగారు ఆ ఆరింటిలో వేటిని తానే చేసుకుంటున్నారో ఆయన ఎదుటే రాసుకో. అమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. ఈ పూట అన్నం తానే కలుపుకుని తిన్నది. సగం చీర మీద పడింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఇట్లు,
నీ మిత్రుడు