ఫోన్ల కంపెనీ లైన్ మీద చేరిన ఆడపిల్లల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ కంపెనీ వస్తోందంటే చాలు ఎన్ని కోట్లు, ఎన్ని వేల ఉద్యోగాలు అని మొదటి పేజీలో వేస్తారు, సంతోషమే, కానీ అందులో చేరిన పిల్ల నాలుగేళ్లకి ఎక్కడుందో ఎవరూ రాయట్లేదండీ. నేను తిరుపతి జిల్లా శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్ల కంపెనీలో పనిచేస్తున్నా. 2015లో ఫాక్స్‌కాన్ అనే తైవాన్ కంపెనీ ఇక్కడ ఫోన్లు మొదలుపెట్టినప్పటి నుంచి సత్యవేడు, వరదయ్యపాళెం, సూళ్లూరుపేట వైపు ఆడపిల్లలకి ఇంటర్ తర్వాత ఒక దారి దొరికింది. జీతం తెచ్చే కూతురు పెళ్లి రెండేళ్లు ఆగుదాం అంటే ఇంట్లో వింటున్నారు, అది చిన్న విషయం కాదు.

కానీ బయట అందరూ స్క్రూలు బిగించే పనే కదా అంటారు. సర్క్యూట్ బోర్డు మీద చిన్న చిన్న పార్టులు మెషిన్లతో అతికించే ఎస్ఎంటీ లైన్ ఒక్కసారి చూడాలండీ. బోర్డు మీద పార్టుల్ని అతికించే సోల్డర్ పేస్ట్ కాస్త తక్కువ పడితే జాయింట్ అతకదు, ఎక్కువైతే పక్క పిన్నుతో షార్ట్. కొన్ని పార్టులు 0.6 మిల్లీమీటర్లే ఉంటాయి, ఇసక రేణువంత. బోర్డుని తనిఖీ చేసే ఏఓఐ మెషిన్ కెమెరా తప్పని చూపించింది నిజంగా తప్పో కాదో తేల్చేది ఆపరేటర్ కళ్లే. చేతికి ఎర్తింగ్ ఉన్న పట్టీ, అదే రిస్ట్ స్ట్రాప్, లేకపోతే ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు చిప్‌కి తగిలి పైకేం కనపడదు, కొన్నవాళ్ల చేతిలో కొన్నాళ్లకి ఫోన్ పాడైపోతుంది.

ఇంత నేర్చుకున్నా చాలామంది కాంట్రాక్టర్ కిందే ఉంటున్నారు, ఆర్డర్లు తగ్గితే ముందు పోయేది వాళ్లే, పోయేటప్పుడు చేతిలో పే స్లిప్పులు, పీఎఫ్ నంబర్ తప్ప ఏం ఉండదు, ఇంకో కంపెనీకెళ్తే మళ్లీ ఫ్రెషరే. మెషిన్‌కి పార్టులు అందించే ఫీడర్లు సెట్ చేయడం, మెషిన్ ప్రోగ్రామ్ మార్చడం డిప్లొమా వాళ్లకే నేర్పిస్తారు, జీతం పెరిగేది అక్కడే.

సోల్డరింగ్ క్వాలిటీకి ఐపీసీ-ఏ-610 అని ప్రపంచమంతా ఒప్పుకునే స్టాండర్డ్ ఉంది, దానికి ట్రైనింగ్, పరీక్ష కూడా ఉన్నాయి. ఏడాది దాటిన ఆపరేటర్‌కి కంపెనీయే అది రాయించాలి, షిఫ్ట్ అయ్యాక చదువుకునేలా దగ్గర్లో ఈవెనింగ్ డిప్లొమా పెట్టాలి. 2020లో మొదలైన కేంద్రం ఉత్పత్తి ప్రోత్సాహక (పీఎల్ఐ) స్కీంలో ఫోన్ల కంపెనీలకి పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం ప్రోత్సాహకం పెట్టారు, మరి డబ్బులిచ్చే ప్రభుత్వం ఎంతమంది ఆపరేటర్లు టెక్నీషియన్లయ్యారని కూడా లెక్క అడగాలి కదా.

తల్లిదండ్రులు కూడా చేర్చే ముందు జీతం, హాస్టల్, బస్సుతో పాటు కంపెనీ సొంత ఉద్యోగమా (కంపెనీ రోల్) కాంట్రాక్టా, ట్రైనింగ్ కాగితం ఇస్తారా అని అడగండి. మీ విలేకరిని ఒకరోజు షిఫ్ట్ మారే టైంకి ఇటు పంపించండి సార్, బస్సుల దగ్గర మా పిల్లలే అన్నీ చెప్తారు.

ఇట్లు,
ఒక లైన్ ఆపరేటర్,
శ్రీసిటీ, తిరుపతి జిల్లా