జుట్టు మార్చుకోవచ్చు కదా అనేవారికి

సంపాదకుల వారికి నమస్కారాలు.

అమెరికాలో నల్లజాతి మహిళల జుట్టుకు సంబంధించిన చట్టాల గురించి, కోర్టు కేసుల గురించి మన పత్రికల్లో అడపాదడపా వార్తలు వస్తూనే ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా అందాల పోటీల వార్తల పక్కనో, ఫ్యాషన్ పేజీలోనో కనిపిస్తాయి. చదివినవారిలో కొందరు "జుట్టుకు కూడా చట్టం కావాలా, మార్చుకుంటే సరిపోతుంది కదా" అని తేలిగ్గా తీసేయడం నేను విన్నాను. చర్మం రంగు మార్చుకోలేము గానీ తల దువ్వుకునే తీరు మార్చుకోవచ్చు, కాబట్టి దాని మీద పెట్టే ఆంక్ష జాతి వివక్ష కిందికి రాదన్నది ఈ మాట వెనుక ఉన్న తర్కం. అమెరికా కోర్టులు సైతం దశాబ్దాల పాటు ఈ తర్కాన్నే పట్టుకుని తీర్పులు ఇచ్చాయి. అది అన్యాయమే కాదు, వాస్తవానికి కూడా విరుద్ధమని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

1976లో ఒక బీమా సంస్థలో పనిచేసే నల్లజాతి ఉద్యోగిని, తల చుట్టూ గుబురుగా పెరిగే సహజమైన ఆఫ్రో జుట్టుతో ఉన్నందుకే తనకు పదోన్నతి ఇవ్వలేదని ఫిర్యాదు చేస్తే, ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దానిని జాతి వివక్ష ఫిర్యాదుగానే స్వీకరించింది. ఆ తరువాత ఐదేళ్లకు, 1981లో, న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు రెనీ రోజర్స్ కేసును విచారించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ఆమె, మాడుకు అంటి ఉండేలా వరుసలుగా అల్లే కార్న్‌రో జడలు వేసుకునేవారు. సంస్థ నిబంధనలు అందుకు ఒప్పుకోలేదు. ఆఫ్రో తనంతట తాను పెరిగేది కనుక దాని సంగతి వేరని, జడలు మనిషి చేతితో అల్లినవి కనుక వాటికి చట్టరక్షణ వర్తించదని న్యాయమూర్తి తేల్చారు. ఒక శ్వేతజాతి నటి ఒక సినిమాలో ఆ జడలతో కనిపించి వాటికి ప్రచారం తెచ్చిన కొద్దికాలానికే రోజర్స్ అలా అల్లుకున్నారని కూడా తీర్పులో ప్రస్తావించారు. తరతరాలుగా తల్లులు కూతుళ్లకు అల్లుతూ వచ్చిన జడలను సినిమా చూసి నేర్చుకున్న అలంకారంగా లెక్కకట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పని వేళల్లో ఆ జడలను ముడిగా చుట్టి, పైన కృత్రిమ కేశాలు కప్పుకోవచ్చని సంస్థ సూచించింది. దానివల్ల తీవ్రమైన తలనొప్పి వస్తోందని ఆమె మొరపెట్టుకుంటే, ఇంకా పెద్దది వాడితే సరిపోతుందన్న ధోరణిలో తీర్పు సాగింది.

ఈ కప్పుకోమనే ఆజ్ఞకు అప్పటికే దాదాపు రెండు శతాబ్దాల వయసుంది. లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు, 1786లో గవర్నర్ ఎస్తెబాన్ మీరో, బానిసత్వంలో లేని నల్లజాతి, మిశ్రజాతి స్త్రీలు జుట్టులో ఈకలు, నగలు పెట్టుకోకూడదని, తలకు గుడ్డ చుట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వారి కేశాలంకారం చూపరులను ఆకట్టుకోవడం, తెల్లవారికీ వారికీ మధ్య గీసిన గీతను చెరిపేస్తున్నట్టు కనిపించడం పాలకులకు నచ్చలేదు. ఆ స్త్రీలు ఉత్తర్వును పాటిస్తూనే, రంగురంగుల ఖరీదైన వస్త్రాలను ఎంతో నేర్పుగా చుట్టుకుని, కించపరచడానికి పెట్టిన గుడ్డనే తమ అలంకారంగా మార్చుకున్నారు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. జుట్టును చూసి జాతిని గుర్తించడం, ఆ జాతిని అదుపులో పెట్టడానికి జుట్టును దాచమనడం అప్పుడే చట్టంలోకి ఎక్కాయి.

దక్షిణాఫ్రికాలో ఇది మరింత నగ్నంగా జరిగింది. 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి కింద రాయించింది. ఎవరు ఏ జాతో తేలనప్పుడు అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. జారి పడిపోతే ఒక జాతి, చిక్కుకుని నిలిచిపోతే మరొక జాతి. దాన్ని బట్టి ఎక్కడ నివసించాలి, ఏ బడిలో చదవాలి, ఎవరిని పెళ్లాడవచ్చు అన్నవి మారిపోయేవి, ఒకే కుటుంబంలోని వారు వేర్వేరు జాతులుగా నమోదైన సందర్భాలూ ఉన్నాయి. మనుషులను విడదీయడానికి జుట్టు జాతి లక్షణంగా పనికి వచ్చినప్పుడు, అదే జుట్టు గల మనిషి రక్షణ అడిగితే అది వ్యక్తిగత అలంకారం అనడం ఏ విధంగా సబబో నాకు అర్థం కాదు. వర్ణవివక్ష పాలన ముగిసి రెండు దశాబ్దాలు దాటాక కూడా, 2016లో ప్రిటోరియాలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నల్లజాతి విద్యార్థినులు తమ సహజమైన జుట్టు మీద పెట్టిన ఆంక్షలకు వ్యతిరేకంగా నిరసనకు దిగవలసి వచ్చింది.

ఇక "మార్చుకోవడం" అంటే ఏమిటో చూద్దాం. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో వెంట్రుక బిగువైన మెలికలు తిరుగుతూ పెరుగుతుంది. మాడులో ఊరే నూనె ఆ మెలికలన్నీ దాటి కొసల దాకా చేరలేదు కనుక అది త్వరగా పొడిబారుతుంది, ప్రతి మలుపు దగ్గరా తెగిపోయే వీలుంటుంది. పాయలు తీసి అల్లుకోవడం, రెండు పాయలను మెలివేసుకోవడం, పాయలు పాయలుగా చిక్కుకుని ముడిపడే డ్రెడ్‌లాక్స్‌గా పెంచుకోవడం ఆ జుట్టును రోజువారీ దువ్వెన దెబ్బల నుంచి కాపాడే పద్ధతులు. మరీ బిగించి అల్లితే నుదుటి దగ్గర జుట్టు ఊడుతుంది, అందుకే అల్లే చేతికి అనుభవం కావాలి. ఈ పద్ధతులు వద్దంటే మిగిలేవి కాల్చిన దువ్వెన, విగ్గు, లేదా రసాయనం. జుట్టును సాఫు చేసే రిలాక్సర్లలో చాలాకాలంగా వాడుతున్నది సోడియం హైడ్రాక్సైడ్ అనే గాఢ క్షారం. అది వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచే గంధక బంధాలను విరగ్గొట్టి మెలిక పోగొడుతుంది, మాడుకు తగిలితే కాలుస్తుంది. ఇంత చేసినా, కొత్తగా మొలిచే వెంట్రుక మళ్లీ మెలికలతోనే వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి మళ్లీ అదే రసాయనం పూయించుకోవాలి. మార్చుకోగలిగిన లక్షణమే అయితే ఒక్కసారితో మారిపోయి ఉండేది. ఏళ్ల తరబడి ఈ పని చేస్తూనే ఉండవలసి రావడమే అది పుట్టుకతో వచ్చిన లక్షణమని చెబుతోంది.

దీనికి ఆరోగ్యం రూపంలో కూడా మూల్యం ఉండవచ్చు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్ల పాటు పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించారు. జుట్టు సాఫు చేసే ఉత్పత్తులు ఎప్పుడూ వాడనివారిలో 70 ఏళ్ల వయసు లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమని, తరచుగా వాడినవారిలో 4.05 శాతమని వారి అంచనా. ఈ ఉత్పత్తులే దానికి కారణమని ఈ ఒక్క అధ్యయనంతో రుజువు కాదు, ఆ తేడాను కొట్టిపారేయడమూ కుదరదు. ఆ అధ్యయనంలో చేరే ముందటి ఏడాది ఇవి వాడామని చెప్పినవారిలో సుమారు 60 శాతం నల్లజాతి మహిళలే.

జుట్టు సాఫు చేయించుకునే మహిళలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ప్రకటనలు, సినిమాలు, బొమ్మలు, ఇంటర్వ్యూ గదులు కలిసి తిన్నగా జారే జుట్టునే అందమని, పద్ధతి అని బోధించిన సమాజంలో వారు బతుకుతెరువు చూసుకున్నారు. 1867లో లూసియానాలో, అంతకు కొన్నేళ్ల ముందు వరకు బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన మేడం సి.జె. వాకర్ కేశ సంరక్షణ ఉత్పత్తులతోనే పెద్ద వ్యాపారం నిర్మించి, వంటింటి పని, బట్టలుతికే పని తప్ప వేరే దారి లేని వేలాది నల్లజాతి స్త్రీలకు సొంత సంపాదన చూపించారు. ఆ చరిత్రను గౌరవించాలి. 1962లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతి యువతులు సహజమైన జుట్టుతో వేదికనెక్కి చేసిన ప్రదర్శననూ, ఆ దశాబ్దంలో ఎగసిన "నలుపు అందమే" అన్న ఉద్యమాన్నీ అంతే గౌరవించాలి. ఏ దారి ఎంచుకున్నా అది ఆమె ఇష్టం కావాలి, యజమాని పెట్టిన షరతు కాకూడదు.

ఆ షరతు ఇటీవలి దాకా చట్టబద్ధంగానే సాగింది. 2010లో అలబామాలోని మొబైల్ నగరంలో ఒక యువతికి ఇచ్చిన ఉద్యోగాన్ని, ఆమె డ్రెడ్‌లాక్స్ తీసేయడానికి ఒప్పుకోనందుకు, సంస్థ వెనక్కి తీసుకుంది. ప్రభుత్వ సమాన అవకాశాల కమిషన్ ఆమె తరఫున కోర్టుకు వెళ్లినా, 2016లో అప్పీళ్ల కోర్టు మళ్లీ పాత మాటే చెప్పింది. మార్చుకోలేని లక్షణాలకే చట్టం రక్షణ ఇస్తుందని, సంస్కృతికి సంబంధించిన అలవాట్లకు ఇవ్వదని తీర్పు ఇచ్చింది. ఈ అడ్డంకిని తొలగించడానికే 2019లో కాలిఫోర్నియా, రాష్ట్ర సెనేటర్ హోలీ మిచెల్ ప్రతిపాదించిన క్రౌన్ చట్టాన్ని ఆమోదించింది. జాతి అనే మాటకు చట్టంలో ఉన్న నిర్వచనంలోకే జుట్టు స్వభావాన్నీ, జడలు, మెలికలు, లాక్స్ (డ్రెడ్‌లాక్స్) వంటి సంరక్షణ పద్ధతులనూ చేర్చింది. ఆ తరువాత 20కి పైగా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభలో 235–189 ఓట్లతో నెగ్గినా సెనేట్ దాటలేదు.

చట్టం వచ్చిన చోట కూడా పని పూర్తి కాలేదు. టెక్సాస్‌లో క్రౌన్ చట్టం 2023 సెప్టెంబర్ 1న అమలులోకి వచ్చింది. అదే సమయంలో లాక్స్ ఉన్న ఒక నల్లజాతి కుర్రాడిని అతని బడి తరగతులకు దూరం పెట్టింది. తమ అభ్యంతరం జుట్టు తీరు మీద కాదని, దాని పొడవు మీదని వాదించింది. 2024 ఫిబ్రవరిలో న్యాయమూర్తి బడి వాదనకే మొగ్గారు. పొడవు లేకుండా లాక్స్ ఎలా నిలుస్తాయన్న ప్రశ్నకు ఆ తీర్పుతో జవాబు దొరకలేదు.

మీ పత్రిక ఇకముందు ఇలాంటి వార్త వేసినప్పుడు, ఎవరు ఎలాంటి జుట్టుతో కనిపించారన్నదానితో ఆపకుండా, ఏ నిబంధన కింద ఆంక్ష పెట్టారో, కోర్టు ఏ కారణం చెప్పిందో, ఆ రాష్ట్రంలో క్రౌన్ చట్టం ఉందో లేదో కూడా రాయాలని, ఆ వార్తకు అంతర్జాతీయ, న్యాయ వార్తల మధ్య చోటు ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు