ఓపియాయిడ్ చికిత్స: "ఎన్నాళ్లలో మాన్పిస్తారు?" అన్న ప్రశ్నే తప్పు

సంపాదకులకు,

డీ-అడిక్షన్ సెంటర్‌కు మనిషిని తీసుకొచ్చిన ఇంటివాళ్లు ముందుగా అడిగేది, ఎన్నాళ్లలో మాన్పిస్తారని. ఓపియాయిడ్లకు (నల్లమందు తరహా మందులకు), అంటే హెరాయిన్‌కో, ట్రమడాల్, టాపెంటాడాల్ నొప్పి మాత్రలకో అలవాటు పడ్డవాళ్ల విషయంలో ఈ తొందరే ప్రాణం మీదికి తెస్తోంది. మూడు వారాలు లోపల ఉంచి, ఒళ్లు నొప్పులకూ నిద్రకూ మందులిచ్చి ఇంటికి పంపితే, ఆ మనిషి చేరిన రోజుకంటే పెద్ద ప్రమాదంలో పడతాడు. ఆ కొద్దిరోజుల్లో మత్తుమందును తట్టుకునే శక్తి పోతుంది, దాని మీద యావ మాత్రం పోదు. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన తొలి వారాల్లో జరిగే ఓవర్‌డోస్ చావులకూ ఇదే ముఖ్య కారణం.

అందుకే వాటికి బదులుగా ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ అనే మందును నెలలు, అవసరమైతే ఏళ్లపాటు కొనసాగిస్తారు. బ్యుప్రెనార్ఫిన్, అలాగే బదులుగా ఇచ్చే మెథడోన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. "ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగడుతున్నారు" అనే మాటను కొట్టిపారేయను. బ్యుప్రెనార్ఫినూ ఓపియాయిడే, హఠాత్తుగా ఆపితే విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగినప్పుడు వచ్చే బాధ) వస్తుంది. కానీ మోతాదు కుదిరాక కిక్కూ ఉండదు, వణుకూ ఉండదు. మనిషి పనికి వెళ్లగలడు. ఫ్రాన్స్‌లో 90లలో మామూలు డాక్టర్ల చేత దీన్ని రాయించాక ఓవర్‌డోస్ మరణాలు బాగా తగ్గాయి.

తప్పు ఎక్కువగా జరిగేది మొదటి రోజున. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగానే ఈ మాత్ర వేస్తే, అది హెరాయిన్‌ను పక్కకు నెట్టి దాని చోటు తీసుకుంటుంది. కానీ దాని అంత బలంగా పనిచెయ్యదు. అరగంటలో వాంతులు, విరేచనాలు, చెమటలు, ఒళ్లంతా లాగేసినట్టు నొప్పి మొదలవుతాయి. రోగి మళ్లీ క్లినిక్ గడప తొక్కడు. కాబట్టి హెరాయిన్, ట్రమడాల్ లాంటివైతే ఆఖరిసారి తీసుకున్నాక కనీసం 12 గంటలు, మెథడోన్ అయితే అంతకంటే చాలా ఎక్కువ సేపు ఆగాలి. ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కంటిపాప పెద్దదవడం లాంటి విత్‌డ్రాయల్ గుర్తులు కనిపించాకే మొదలుపెట్టాలి. ముందు 2 నుంచి 4 మి.గ్రా. వేసి రెండు గంటలు చూడాలి. తగ్గకపోతే ఇంకొంత ఇవ్వాలి. మొదటి రోజు సాధారణంగా 8 మి.గ్రా. దాటరు.

మాత్రను నాలుక కింద పెట్టి 5–10 నిమిషాలు కరగనివ్వాలి. మింగితే దాదాపు వృథా. కొందరు "పనిచెయ్యట్లేదు" అనడానికి అసలు సంగతి ఇదే. కరిగాక నీళ్లతో పుక్కిలించాలి, బ్రష్ మాత్రం గంట తర్వాతే. లేకపోతే పళ్లు పాడవుతాయి. 2 మి.గ్రా. మాత్రలో 0.5 మి.గ్రా. నలోక్సోన్ (ఓపియాయిడ్లకు విరుగుడు) కలిపేది దుర్వినియోగాన్ని అడ్డుకోవడానికే. నాలుక కింద అది పెద్దగా ఎక్కదు, పొడిచేసి ఇంజెక్షన్‌గా తీసుకుంటే విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. మన దేశంలో బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లనే మత్తుకు వాడిన రోజులున్నాయి మరి.

తెలంగాణలో నన్ను ఎక్కువ భయపెట్టేది కల్తీ కల్లు. బ్యుప్రెనార్ఫిన్ ఎంత పెంచినా ఒక హద్దు దాటాక ఊపిరిని ఇంకా అణచదు. దానికున్న పెద్ద రక్షణ అదే. అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమత్తు మందులు, మద్యం తోడైతే ఆ రక్షణ పోతుంది. కల్లులో కలిపేవి సరిగ్గా అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేటే. "మందు తాగుతావా?" అని అడిగితే కల్లు తాగేవాడు నిజాయితీగానే లేదంటాడు. కల్లు సంగతి పేరు పెట్టి, రోజుకు ఎన్ని సీసాలో అడగాలి. తాగుతాడని తెలిసి చికిత్స నిరాకరించడమూ తప్పే, ఆ రోజే కల్లు మానమనడమూ తప్పే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఎంతమంది పరుగెత్తారో చూశాం. కల్లులోని ఆ మత్తుమందును విడిగా, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మెథడోన్ ఇంకా జాగ్రత్తగా వాడాల్సిన మందు. మొదటి రోజు 30 మి.గ్రా. లోపే మొదలుపెడతారు. ఒంట్లో రోజురోజుకూ పేరుకుంటుంది కనుక సోమవారం సరిపోయిన మోతాదే గురువారానికి ఎక్కువ కావచ్చు. గుండె లయనూ దెబ్బతీయగలదు కాబట్టి ఈసీజీ చూడాలి. టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే ఒంట్లో మెథడోన్ పడిపోయి విత్‌డ్రాయల్ వస్తుంది. టీబీ మందులిచ్చే చోటికీ డీ-అడిక్షన్ గదికీ మధ్య ఒక చీటీ నడిస్తే తీరే సమస్య ఇది. ఓపియాయిడ్లు పనిచెయ్యకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అలవాటు చెయ్యదు గానీ, వారం పది రోజులు ఓపియాయిడ్ ముట్టనివాళ్లకే ఇవ్వాలి. ఆ మాత్రలు మానేసి మళ్లీ మత్తుమందు పాత మోతాదుకు వెళ్తే ముప్పు మొదట చెప్పినట్టే.

గర్భిణులకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ చికిత్స ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే బిడ్డకు హాని.

ఆరోగ్యశాఖను అడిగేవి పెద్ద ఖర్చువి కావు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో బ్యుప్రెనార్ఫిన్-నలోక్సోన్ మాత్రలు నెల మధ్యలో నిండుకోకుండా చూడాలి. స్టాకు లేని నాలుగు రోజులు నాలుగు నెలల చికిత్సను చెడగొడతాయి. ఇంటికిచ్చే మాత్రలతోపాటు తెలుగులో ఒక పేజీ సూచనలివ్వాలి. తాళం వేసిన పెట్టెలో పెట్టమని, పసిపిల్లలకు ఒక్క మాత్రే ప్రాణాంతకం కావచ్చని అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. 108 అంబులెన్సుల్లో నలోక్సోన్ ఇంజెక్షన్ ఉండాలి. అది వేశాక లేచి కూర్చున్నా రోగిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే గంటా గంటన్నరలో నలోక్సోన్ ప్రభావం దిగిపోయి ఊపిరి మళ్లీ మందగించవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియని కుటుంబాలకు 14446 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. ఆ నంబరును మీ పత్రికలో రోజూ ఒక మూలన వేయండి.

– ఒక హాస్పిటల్ ఫార్మసిస్టు, కరీంనగర్